తాళం వేశాం, గొళ్ళెం మరిచాం

(ద్వితీయ సంవత్సరం బి.యస్సి. విద్యార్థి, చోడవరం)

మన వార్షిక సంచికలో ఏటా కవితలుంటాయి, కథలుంటాయి, దేశం ఎటు పోతోందని అడిగే వ్యాసాలుంటాయి. అవన్నీ ఉండవలసినవే. నేను మాత్రం మోటారు సైకిలు గురించి రాస్తున్నాను. పరాయి ఊళ్ళో రాత్రి ఉండిపోవలసి వచ్చినప్పుడు బండి ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి, తెల్లారేసరికి అది లేకపోతే ఎవరు జవాబు చెప్పాలి అన్నదే నా విషయం. నవ్వుకునే మిత్రులు నవ్వుకోవచ్చు. అయితే ఇది షికారు కుర్రాళ్ళ సమస్య అనుకునేవారికి మాత్రం రైతు ఇంట్లో బండి అంటే ఏమిటో ముందు చెప్పాలి.

మాది చెరకు రైతుల ఇల్లు. తెల్లవారుజామున పాలకేంద్రానికి పాలు వెళ్ళేది బండి మీదే. పొలానికి ఎరువు బస్తా వెళ్ళేది దాని మీదే. బోరు మోటారు కాలిపోతే వైండింగుకి చోడవరం తెచ్చేది, చెల్లిని కాలేజీ బస్సు దగ్గర దింపేది, నాయనమ్మకి ఆయాసం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది అన్నీ అదే. మా నాన్న దాన్ని మూడో ఎద్దు అంటారు. చెరకు డబ్బు చేతికి వచ్చిన ఏడాది ముందు కొంత కట్టి, మిగిలింది వాయిదాల మీద తీసుకున్న బండి అది. ఇలాంటి బండి పోతే పోయేది లక్ష రూపాయల వస్తువు మాత్రమే కాదు. ఒక పంట కాలం పనంతా కుంటుపడుతుంది. పైగా బండి లేకపోయినా వాయిదాలు ఆగవు.

ఇక పరాయి ఊళ్ళో రాత్రి ఉండవలసిన అవసరం ఎవరికి వస్తుంది? మా అందరికీ వస్తుంది. 2022 ఏప్రిల్ 4న చోడవరం విశాఖ జిల్లాలోంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గాని, పెద్ద జబ్బు చేస్తే మావాళ్ళ దారి ఇప్పటికీ విశాఖపట్నమే. మంచం మీద రోగి, బయట వరండాలో మనిషి, రోడ్డు మీద బండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ ఉంటుంది. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు రాత్రంతా నడుస్తారు. లక్షల జనం. మా ఊరి కుర్రాళ్ళు చాలామంది బండ్ల మీదే వెళ్ళి, ఎక్కడో ఒక సందులో బండి ఆపి నడక మొదలుపెడతారు. మళ్ళీ బండి మొహం చూసేది మర్నాడే. చలికాలం వస్తే నర్సీపట్నం మీదుగా లంబసింగి, మాడుగుల మీదుగా పాడేరు, అక్కణ్ణుంచి అరకు. ఇవి గాక పోటీ పరీక్షలు, పెళ్ళిళ్ళు, చావులు. రాత్రి ప్రయాణం సరదా ఎంతో, అవసరమూ అంతే.

మా ఊళ్ళో బండికి తాళం వెయ్యడం అరుదు. కొందరైతే తాళంచెవి బండికే వదిలేస్తారు. అయినా బండ్లు పోవు. మావాళ్ళందరూ ధర్మరాజులని కాదు. ఫలానా బండి ఫలానా వాళ్ళదని ఊరందరికీ తెలుసు. దాన్ని కొత్తవాడు తోసుకుపోతుంటే అరుగు మీద ముసలాయన "ఎవుల్రా బాబూ నువ్వు? ఆ బండెక్కడికి అట్టుకుపోతన్నావు?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నే మా ఊరి తాళం. పరాయి ఊళ్ళో ఆ ప్రశ్న అడిగేవాడు ఉండడు. అక్కడ బండీ కొత్తదే, మనమూ కొత్తే, తోసుకుపోయేవాడూ కొత్తే. ముగ్గురిలో ఎవరు యజమానో చూసేవాడికి తెలియదు. కాబట్టి ప్రయాణంలో మనం కొనుక్కోవలసింది ఉత్త ఇనుప తాళం కాదు. ఊరి అరుగు మీది ఆ చూపును, ఆ ప్రశ్నను ఏదో రూపంలో సంపాదించుకోవాలి. నా వాదమంతా దీని మీదే.

అలాగని తాళం అక్కరలేదని కాదు. సైన్సు విద్యార్థిని గనక తాళం ఏ పని చేస్తుందో, ఏది చెయ్యదో రెండు ముక్కలు చెబుతాను. ఇంజను తాళంచెవి నిజానికి ఒక స్విచ్చి మాత్రమే. వైర్ల సంగతి తెలిసినవాణ్ణి అది ఎక్కువసేపు ఆపలేదు. హేండిల్ లాక్ అంటే లోపల చిటికెన వేలంత ఉక్కు పుల్ల. అది హేండిల్ తిరిగే ఇరుసుకి దగ్గరగా ఉంటుంది. మన చెయ్యి పట్టే చోటు ఇరుసుకి చాలా దూరంగా ఉంటుంది. ఆర్కిమెడీస్ చెప్పిన తులాదండ సూత్రమే ఇక్కడ పని చేస్తుంది. చివర వేసిన బలం పుల్ల దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లవుతుంది. అందుకని హేండిల్ లాక్ ఒక్కటే వేసి నిద్రపోవడం, తలుపు దగ్గరికి వేసి పడుకున్నట్టే.

రెండోది బరువు. మనవాళ్ళు ఎక్కువగా వాడే 100 సి.సి. బండి బరువు సుమారు 110 కిలోలు. ఇద్దరు బలమైన మనుషులు పట్టుకుంటే ఆటోలోకి ఎక్కిపోతుంది. అప్పుడు చక్రానికి వేసిన తాళం కూడా బండితోపాటే ప్రయాణం చేస్తుంది. కాబట్టి గొలుసు చక్రంలోంచి పోయి ఊరుకోకూడదు. కదలని దేనికో చుట్టుకోవాలి. స్తంభం, కిటికీ ఊచ, నేలలో పాతిన గొట్టం ఏదైనా సరే. అదీ లేకపోతే రెండు బండ్లు కలిపి ఒకే గొలుసు. స్నేహితులు కలిసి వెళ్ళినప్పుడు దీనికి పైసా ఖర్చు లేదు. గొలుసు వెనక చక్రంలోంచి, వీలైతే ఫ్రేములోంచి కూడా పోనివ్వాలి. ముందు చక్రం విప్పి పక్కన పెట్టడం తేలిక. గొలుసు నేల మీద పడి ఉండకూడదు. నేల మీదుంటే సుత్తి దెబ్బకి కింద దాగలి పెట్టినట్టవుతుంది. సంతలో దొరికే రంగు ప్లాస్టిక్ తొడుగు తీగ తాళం చూడ్డానికి లావుగా ఉంటుంది గాని లోపల సన్నని తీగలే. గట్టిపరిచిన ఉక్కు గొలుసు మీద మామూలు రంపం జారిపోతుంది. ఆ తేడా కొనేటప్పుడు అడగాలి.

ఇంతా చేస్తే తాళం ఇచ్చేది కొంత సమయం మాత్రమే. అర నిమిషంలో అయ్యే పనిని పది నిమిషాలు చేస్తుంది. ఆ పది నిమిషాల్లో చూసేవాడు ఒకడుంటే దొంగ వెళ్ళిపోతాడు. చూసేవాడు లేకపోతే తీరిగ్గా కోసుకుంటాడు. "తాళం మంచోడికిరా, దొంగోడికి కాదు" అని మా నాన్న అనే మాటకి అర్థం ఇదే అనుకుంటాను. అందుకే తాళం కంటే ముందు చోటు చూసుకోవాలి. లాడ్జిలో గది తీసుకునేటప్పుడు మంచం, ఫ్యాను, నీళ్ళు చూస్తాం. బండి ఎక్కడ పెట్టాలో డబ్బు కట్టాక అడుగుతాం. అది తిరగబడాలి. ముందు బండికి చోటు చూపించమనాలి. రాత్రి గేటు వేస్తారా, వేస్తే ఎన్నింటికి, దీపం రాత్రంతా ఉంటుందా, మెలకువగా ఉండే మనిషి ఎవరు అని అడగాలి. కొండ మీద గుడారాల్లో పడుకునే మిత్రులు బండిని రోడ్డు మలుపులో వదలకుండా గుడారం ముందుకే తెచ్చుకోవాలి. గిరిప్రదక్షిణకి వెళ్ళేవారు తొలిపావంచా దాకా బండి తీసుకెళ్ళాలని పంతం పట్టనక్కరలేదు. దారిలో ఏ చుట్టాల ఇంట్లోనో పెట్టి సిటీ బస్సు ఎక్కవచ్చు. 32 కిలోమీటర్లు నడవబోయేవాడికి బస్సు స్టాపు దాకా నడవడం బరువు కాదు.

ఇంతవరకు చెప్పింది మన జాగ్రత్త. దీన్ని ఎవరైనా చెబుతారు. చెప్పి, బండి పోయినవాడితో "నువ్వే సరిగ్గా చూసుకోలేదు" అని ముగిస్తారు. నేను అక్కడ ముగించదలచుకోలేదు. ఎందుకంటే జాగ్రత్తపడి, డబ్బిచ్చి, స్టాండులో పెట్టినవాడి బండి కూడా పోతుంది. అప్పుడు జవాబు చెప్పవలసినవాడు ఎవరు?

మా మేనమామకి అలాగే జరిగింది. మూడేళ్ళ కిందట అత్తకి ఆపరేషను. నగరంలో ఒక ఆసుపత్రి బయట స్టాండులో ఇరవై రూపాయలు కట్టి, టోకెను తీసుకుని, హేండిల్ లాక్ వేసి లోపలికి వెళ్ళాడు. రాత్రంతా వరండాలో కూర్చున్నాడు. తెల్లారి టీ కోసం బయటికి వస్తే బండి లేదు. స్టాండువాణ్ణి అడిగితే "టోకెను ఎనకాల సదువుకో బాబూ" అన్నాడు. వెనకాల చిన్న అక్షరాల్లో "వాహనమునకు యజమానిదే పూర్తి బాధ్యత" అని అచ్చేసి ఉంది. మా మావయ్య ఇంకేమీ మాట్లాడలేదు. అత్తని చూసుకోవాలి గనక పోలీసు స్టేషనుకి వెళ్ళింది నాలుగో రోజున. వారం తరవాత ఇద్దరూ ఆర్.టి.సి. బస్సులో ఇంటికి వచ్చారు. తరవాత పద్నాలుగు నెలలపాటు లేని బండికి వాయిదాలు కట్టాడు. స్టాండువాడితో ఎందుకు గట్టిగా అడగలేదని నేనంటే, "అచ్చేసి ఉంది గదరా, మనవొప్పుకున్నట్టే గదేటి" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అచ్చయిన మాట మీద చదువు రానివాడికి ఉన్నంత గౌరవం చదువుకున్నవాడికి ఉండదు. ఆ గౌరవాన్ని ఆ చిన్న అక్షరాలు వాడుకుంటున్నాయి. అందుకని అసలు చట్టం ఏమంటోందో తెలుసుకున్నాను. తెలిసింది మీతో పంచుకుంటాను.

ఇది మోటారు సైకిళ్ళు పుట్టకముందు నుంచీ ఉన్న ప్రశ్న. బాటసారి రాత్రికి ఒక చోట దిగుతాడు. అతని గుర్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది. పొద్దున్నకి గుర్రం లేకపోతే ఎలా? పూర్వం రోము న్యాయశాస్త్రం ఓడ నడిపేవాడు, పూటకూళ్ళ ఇల్లు నడిపేవాడు, గుర్రపుశాల నడిపేవాడు, ఈ ముగ్గురూ తాము పుచ్చుకున్న సొత్తుకి జవాబుదారులన్నది. వాళ్ళని నమ్మక బాటసారికి వేరే దారి లేదు గనక వాళ్ళ మీద బాధ్యత ఎక్కువన్నమాట. ఇంగ్లండులో 1584లో కేలీ కేసు అని ఒకటి వచ్చింది. సత్రంలో దిగినవాడు తన గుర్రాన్ని బయట పచ్చికలో మేపమని అడిగాడు, అక్కడ గుర్రం పోయింది. అతనే అడిగి బయటికి పంపించాడు గనక సత్రం యజమానిది తప్పు కాదన్నారు. యజమాని తన ఇష్టం మీద పంపి ఉంటే మాత్రం అతనే జవాబుదారీ అన్నారు. గుర్రాన్ని బండిగా మార్చి చదువుకుంటే ఇది నిన్నటి గొడవలాగే ఉంటుంది.

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఉంది. ఒకరి వస్తువును భద్రపరచడానికి తీసుకున్నవాడు, అలాంటి వస్తువు తనదే అయితే మామూలు వివేకం గల మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూసుకోవాలని దాని 151వ సెక్షను. ఇక ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్ కేసు. 1998లో ఒకాయన తన మారుతి జెన్ కారు తాళంచెవి హోటలు మనిషికిచ్చి లోపలికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కారును వేరెవరో తోలుకుపోయారు. ఆయనకిచ్చిన చీటీ మీద కూడా బాధ్యత యజమానిదే అన్న వాక్యం ఉంది. బీమా కంపెనీ ఆయనకి డబ్బు చెల్లించి, ఆ సొమ్ము హోటలు నుంచి రాబట్టడానికి వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్ళింది. చివరికి 2019 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కారును తమ అధీనంలోకి తీసుకున్న హోటలు, తన అజాగ్రత్తకి గాని తన మనుషుల అజాగ్రత్తకి గాని అలాంటి వాక్యం చాటున దాక్కోలేదు. అజాగ్రత్త జరగలేదని రుజువు చేసుకోవలసింది కూడా హోటలే.

ఇక్కడ ఒక తేడా దాచకూడదు. ఆ కేసులో తాళంచెవి హోటలు మనిషి చేతిలో ఉంది. మనం స్టాండులో బండి పెట్టి తాళంచెవి జేబులో వేసుకుంటాం. అప్పుడు బండిని నిజంగా అప్పగించినట్టా, చోటుకి అద్దె కట్టినట్టా అని లాయర్లు వాదించవచ్చు. కేసు కేసుకీ సంగతులు చూసి తేలుస్తారు. అందుకనే చీటీ ముఖ్యం. బండి నంబరు, తారీకు, వేళ, కట్టిన సొమ్ము దాని మీద ఉండాలి. టోకెను చూపించందే బండి బయటికి పోనివ్వని గేటు ఉంటే అది కాపలా. ఉత్త ఖాళీ జాగా, వసూలు చేసే మనిషి మాత్రమే ఉంటే అది చోటు అద్దె. ఇరవై రూపాయలు ఇచ్చేముందు మనం కొంటున్నది ఏదో తెలుసుకోవాలి. లాడ్జిలో అయితే రిజిస్టరులో మన పేరు పక్కన బండి నంబరు రాయించాలి. అడిగితే రాస్తారు. మనమే అడగం.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది తీసిపారేసేది కాదు. "పది ఇరవై రూపాయలు తీసుకునే స్టాండు కుర్రాడు లక్ష రూపాయల బండికి ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తాడయ్యా?" అని. నిజమే. ఆ కుర్రాడు మనలాంటి వాడే. రాత్రంతా దోమల్లో కూర్చుని దినకూలీ తీసుకుంటాడు. అతని గల్లా పట్టుకోమని నేననడం లేదు. స్టాండు అతనిది కాదు, పాట పాడి దక్కించుకున్న కంట్రాక్టరుది. పాట సొమ్ము తీసుకునే సంస్థ ఇంకోటి పైన ఉంది. రోజుకి వందల బండ్లు వచ్చే చోట వసూలయ్యే సొమ్ములో కొంత బీమాకి, కొంత ఇంకో కాపలా మనిషికి, కొంత దీపానికి ఖర్చు పెట్టమనడం అన్యాయమా? ఏ బాధ్యతా లేకుండా డబ్బు తీసుకుంటే అది సేవ కాదు, రోడ్డు మీద సుంకం.

బీమా ఉందిగా అనేవారికి ఒక హెచ్చరిక. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త మోటారు సైకిలు కొనేటప్పుడు ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ కాగితం మీద ఐదేళ్ళ తారీకు చూసి మావాళ్ళు బండికి ఐదేళ్ళు భయం లేదనుకుంటారు. థర్డ్ పార్టీ బీమా అంటే మన బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికే. బండి దొంగతనానికి కాదు. దొంగతనానికి పనికొచ్చే సొంత నష్టం బీమా మామూలుగా మొదటి ఏడాదితో అయిపోతుంది. దాన్ని ఏటా విడిగా కట్టుకోవాలి. అలా విడిగా కొనే వీలు 2019 సెప్టెంబరు నుంచి ఉంది. మా మావయ్య దగ్గరున్నది ఆ ఐదేళ్ళ కాగితమే. సొంత నష్టం బీమా ఉన్నా కొన్న ధర రాదు. ఏడాది దాటి రెండేళ్ళలోపు బండికి 20 శాతం, మూడేళ్ళు దాటి నాలుగేళ్ళలోపు దానికి 40 శాతం తరుగు తీసి విలువ కడతారు. క్లెయిము వేళ రెండు తాళంచెవులూ అడుగుతారు. ఒకటి పారేసుకున్నవారు ఆ సంగతి ముందే చూసుకోవాలి.

బండి కనిపించకపోతే చెయ్యవలసిన పనులు వరుసగా చెబుతాను. మొదట 112కి ఫోను. తరవాత ఆ రోజే ఫిర్యాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. "మా పరిధి కాదు" అనే మాటకి చోటు లేదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపవచ్చు, అయితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు మన దగ్గర విడిగా రాసి ఉండాలి. పోయిన బండితో ఎవడైనా ఇంకో నేరం చేస్తే నంబరు పట్టుకుని ముందు మన ఇంటికే వస్తారు. అందుకైనా ఆలస్యం పనికిరాదు. ఆర్.సి., బీమా కాగితాలు బండి పెట్టెలో ఉంచకూడదు. డిజిలాకరులో ఉన్న కాగితాలు చెల్లుతాయని 2018లోనే ప్రభుత్వం చెప్పింది.

బీమా కంపెనీకి కూడా వెంటనే తెలపాలి. అది ఆలస్యమైనంత మాత్రాన ఆశ వదులుకోనక్కరలేదు. 2010లో ఒక రైతు ట్రాక్టరు పోయింది. పోలీసులకి ఆ రోజే ఫిర్యాదు ఇచ్చాడు, కంపెనీకి తెలిపింది 52 రోజుల తరవాత. ఆలస్యమైందని కంపెనీ కాదంది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, పోలీసులకి వెంటనే చెప్పినప్పుడు ఆ ఒక్క కారణంతో దొంగతనం క్లెయిము తోసిపుచ్చకూడదంది. గుర్‌శిందర్ సింగ్ కేసు అది. రైతు బిడ్డలు ఈ పేరు గుర్తుంచుకోవాలి.

స్టాండు మీద, లాడ్జి మీద ఫిర్యాదుంటే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. నష్టం విశాఖలో జరిగినా మనం ఉండే జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వెయ్యవచ్చు. ఇలాంటి చిన్న రుసుము సేవలకి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. మా మావయ్యకి ఆ గడువు దాటిపోయింది. రెండో సంవత్సరం చదువుతున్న నాకే ఇవి ఈ మధ్యనే తెలిశాయంటే, వరండాలో కూర్చున్న రైతుకి ఎవరు చెప్పాలి?

ఇప్పుడు నేను కోరేవి. గిరిప్రదక్షిణ రోజున పోలీసులు, దేవస్థానం, నగరపాలక సంస్థ కలిసి మంచినీళ్ళు, వైద్యం, దీపాలు ఎన్నో చూస్తారు. ఆ ఒక్క రాత్రికి నంబరు టోకెనుతో, గేటుతో, కాపలాతో బండ్ల స్టాండులు నడిచే దారి పొడవునా ఇంకా పెట్టాలి. లంబసింగి, అరకులకి యాత్రికులు రావాలని కోరుకునే ప్రభుత్వం, వాళ్ళ బండ్లు రాత్రి ఎక్కడుంటాయో కూడా ఆలోచించాలి. ఆసుపత్రుల దగ్గర రోగి బంధువుల బండ్లకి రాత్రి స్టాండు ఉచితంగా ఉండాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ రైలు స్టేషను కింద 2019లో 12,500 సైకిళ్ళకి కాపలా ఉండే స్టాండు పూర్తి చేశారు. మొదటి 24 గంటలు ఉచితం. సైకిలుకే అంత చేసినవాళ్ళుండగా, రైతు మూడో ఎద్దుకి ఒక రాట, ఒక దీపం, ఒక మనిషి కావాలనడం పెద్ద కోరికా?

మన కళాశాల సంగతి కూడా చెప్పాలి. వార్షికోత్సవానికి, ఆటల పోటీలకి బయటి కాలేజీల విద్యార్థులు వచ్చి రాత్రి ఉంటారు. వాళ్ళ బండ్లు చెట్ల కింద ఉంటాయి. షెడ్డులో నాలుగు పొడవాటి ఇనుప గొట్టాలు సిమెంటులో పాతితే గొలుసు కట్టుకోవడానికి ఆధారం దొరుకుతుంది. విద్యార్థి సంఘం వంతులవారీగా ఇద్దరిని కూర్చోబెట్టి, చీటీ రాసి ఇస్తే చాలు. మన దగ్గరికి వచ్చినవాడి బండికి మనం జవాబుదారీ వహించి, ఆ తరవాత బయటివాళ్ళని అడిగితే ఆ అడగడానికి బలం ఉంటుంది. పూర్వ విద్యార్థుల్లో లాయర్లున్నారు, పోలీసు ఉద్యోగులున్నారు, పంచాయతీల్లో పురపాలక సంఘాల్లో పని చేసేవారున్నారు. స్టాండు పాట నిబంధనల్లో "రాత్రి కాపలా, నంబరు టోకెను, బీమా తప్పనిసరి" అన్న ఒక్క వాక్యం చేర్పించగలిగినవారు వాళ్ళలో తప్పకుండా ఉంటారు.

తాళం వేసి గొళ్ళెం మరిచినవాడి మాట మనందరం చిన్నప్పుడే విని నవ్వుకున్నదే. ఇన్నాళ్ళూ బండి విషయంలో మనం అదే చేస్తున్నాం. తాళాలు కొంటున్నాం, పెద్దవి కొంటున్నాం. జవాబు చెప్పే మనిషి అనే గొళ్ళెం మాత్రం ఎవరూ బిగించలేదు. మిత్రులకి నా మనవి ఒక్కటే. ఈసారి స్టాండులో టోకెను తీసుకున్నప్పుడు వెనక్కి తిప్పి చదవండి. ఆ వాక్యం కనిపిస్తే కోపపడకుండా, "మీ అజాగ్రత్తకి ఇది అడ్డు కాదండీ, సుప్రీంకోర్టు చెప్పింది" అని పక్కవాళ్ళకి కూడా వినబడేలా అనండి. మీ వెనక వరసలో ఆసుపత్రికి వచ్చిన రైతు ఒకడు నిలబడి ఉండవచ్చు. అతను వినాలి.